ఓబులేసు పాటలో అందరి డప్పులు

"రెండే కదా ఉన్నయ్యి! కళ్ళు మూసుకుని ఒకటి నొక్కు తమ్ముడా, వాన దగ్గరికొచ్చేసింది!" అని ఉడుత కోటమ్మ కొమ్మ మీంచి అరుస్తా ఉంది.

కింద బొరియ గుమ్మంలో, ల్యాప్‌టాప్ ముందర కూచున్న అలుగు ఓబులేసు ఆ అరుపుకి ముడుచుకుని బంతి అయిపోయాడు.

ఆ, రా, కూచో. నువ్విప్పుడే వచ్చావు కాబట్టి ముందు సంగతి చెప్తా.

అదొక పెద్ద అడవి. మన ఊళ్ళల్లో ఉన్నయ్యన్నీ అక్కడా ఉన్నయ్యి. ప్రెసిడెంటు ఉంది, సంఘాలున్నయ్యి, మీటింగులున్నయ్యి, మీటింగుల్లో కునుకులున్నయ్యి. రేడియో కూడా ఉంది. తెల్లారంగానే అందులో ఒక పాట వేస్తారు, అది విని అడివంతా లేస్తది. ఏడాదికి ఒకటే పాట. తొలి వాన పడ్డ రోజు ఓట్లు పెట్టి ఎంచుకుంటారు. జాతికొక ఓటు.

ఊళ్ళోంచి పారిపోయొచ్చిన గాడిద పాటే ఏటేటా గెలుస్తా ఉంది. ఎందుకంటావా? ఇంకెవరూ పాట ఇయ్యలా.

ఈసారి ఓబులేసు ఇద్దామనుకున్నాడు.

అలుగంటే తెలుసుగా. ఒంటి నిండా పెంకులు, ఎవరన్నా చూస్తే చాలు చుట్టుకుపోతది. ఓబులేసు గొంతు బాగుంటది. ఆ సంగతి కోటమ్మ ఒక్కదానికే తెలుసు, అది కూడా బొరియ మీద కొమ్మలో కాపురం కాబట్టి. ఎదట ఎవరన్నా ఉంటే ఓబులేసు ముడుచుకుంటాడు, ముడుచుకుంటే మూతి పొట్టలోకి పోతది, ఇంక పాటేంది? ఒకసారి నీళ్ళల్లో నీడ చూసుకుంటా పాడబోయి, తన్ని తనే చూసి ముడుచుకున్నాడు.

అందుకే ఇంట్లోనే రికార్డు చేసి పంపుదామని. తన్ని ఎవరూ చూడకూడదు, తన గొంతు మాత్రం అడివంతా వినాల. వాడికి కావాల్సింది అదొక్కటే.

పాట రాసుకున్నాడు. "తొలి చినుకు పడ్డదే పుట్టమ్మా, తలుపు తియ్యవే" అని. అలుగులు తినేది పుట్టల్లో చెదపురుగుల్ని. కాబట్టి అది ప్రేమ పాటో ఆకలి పాటో వాడికే తెలవదు. ఒక్క పొద్దులో పాడేశాడు. బొరియలో ఒక్కడే కాబట్టి గొంతు ఎక్కడా వణకలా.

ఇంక డప్పు కావాల. వడ్రంగిపిట్టని పిలవచ్చు, కానీ అది వస్తది, వచ్చి చూస్తది. అందుకని కోతి బాలకోటి దగ్గరికి పోయి డ్రమ్ముల సాఫ్ట్‌వేర్ ఎక్కించుకొచ్చాడు. డ్రమ్ములుండవు, కొట్టేవాడుండడు, మీట నొక్కితే కంప్యూటరే వాయిస్తది. బాలకోటి ఒకటడిగితే రెండెక్కించాడు. రెండూ ఊరికినే. అక్కడే వచ్చింది చిక్కు. డబ్బులిచ్చి కొనాల్సొస్తే ఓబులేసు మారు మాట్లాడకుండా చిన్నది తీసుకునేవాడు.

చిన్నదాంట్లో ఒకటే డప్పు. మీటలు మూడు. మెల్లగా, మామూలుగా, గబగబా. అంతే.

పెద్దదాంట్లో లేని డప్పు లేదు. గుహలో వాయించినట్టు కావాలా, చెట్టు కింద వాయించినట్టు కావాలా? మైకు జానెడు దూరమా, మూరెడు దూరమా? కర్ర కొసతో కొట్టాలా, మొదలుతో కొట్టాలా? తోలు తడిగా ఉందా, ఎండిందా? అన్నీ అడుగుతది. పెళ్ళిచూపుల్లో కూడా అన్ని అడగరు.

ఓబులేసు చదువుకుంది తక్కువ. అందులో పేర్లు చదవలేక మీటల్ని రంగుతో గుర్తు పెట్టుకున్నాడు. అయినా చూపంతా దాని మీదే.

"ఒరే ఓబులేసూ, మూడు మీటలకే చెమటలు పడతన్నయ్యి, ఇన్నెందుకురా నీకు?" అని తన్ని తనే తిట్టుకున్నాడు. మళ్ళీ తనే, "చిన్నదాంతో చేస్తే చిన్నోడి పాట అంటారేమో" అని జవాబు చెప్పుకున్నాడు. నిజానికి చిన్నోడే. బాధంతా అదే.

అట్టా ఎటూ తేల్చుకోలేక కూచోనుంటేనే ఇందాక కోటమ్మ అరిచింది. ఆ అరుపు దారిన పోయే నక్క మాలకొండయ్య చెవిన పడింది. ఆగి కోటమ్మ నోట సంగతంతా రాబట్టాడు.

మాలకొండయ్య అడవిలో ఉన్న సంఘాలన్నిటికీ కార్యదర్శి. ఎనకాలే తొండ చెన్నయ్య ఉంటాడు. ఎవరేమన్నా చెన్నయ్య తలూపుతాడు. ఎవరూ ఏమీ అనకపోయినా ఊపుతాడు.

ఓబులేసు అప్పటికే బంతి. బంతితో మాట్లాడటం మాలకొండయ్యకి ఇబ్బందేం కాదు, మీటింగుల్లో అలవాటే.

"ఏంది అబ్బాయ్, చిన్నదా పెద్దదా అని ఆలోచిస్తన్నావంటా?"

"చిన్నదే చాలనుకుంటన్నా మావా," అని బంతిలోంచి సన్నగా వచ్చింది.

"పాట బాగుంటే ఓట్లు పడతయ్యని ఎవుడు చెప్పాడు నీకు? ఓటు జాతిది. ఏ జాతి డప్పు వినపడితే ఆ జాతి ఓటు పడుద్ది. చిన్నదాంట్లో ఒకటే డప్పు, ఎవరిదని పెడతావు? పెద్దదాంట్లో అయితే అందరికీ చోటుంది. ఏం చెన్నయ్యా?"

చెన్నయ్య తలూపాడు.

"పాట పాడేది వాడా, మీరా?" అంది కోటమ్మ.

"నువ్వు చింతకాయలు చూసుకోమ్మా," అన్నాడు మాలకొండయ్య. ఆయనకి గాడిద మీద కోపం. పోయినేడు గెలిచినాక మీటింగులో తన పేరు చెప్పలేదంట.

ఓబులేసుకి కోటమ్మ మాటే సబబనిపించింది. కానీ మాలకొండయ్య "మావాడు" అని బంతి మీద చెయ్యేశాడు. ఓబులేసు పెంకుల మీద అప్పటిదాకా ఎవరూ చెయ్యెయ్యలా. గుచ్చుకుంటయ్యని. కరిగిపోయాడు. బంతిలోంచి ఒక్క గోరు బయటికి పెట్టి పెద్దది నొక్కాడు.

మర్నాటి నుంచి బొరియ ముందు వరస.

అడివిదున్న కోటిలింగం వచ్చాడు. "మా గుంపు పెద్దది. మా డప్పు అందరికంటే గట్టిగా వినపడాల."

"సరే బాబాయ్," అంది బంతి.

జింక సుందరమ్మ వచ్చింది. "గట్టిగా ఉంటే ఉండనీ. మాది ముందు మోగాల. మేమెప్పుడూ ఎనక నడవం."

"సరే పిన్నీ."

తాబేలు తాతయ్య మధ్యాన్నానికి చేరాడు. "మా దెబ్బ ప్రతిసారీ కొంచెం ఆలిశంగా పడాల. టైముకి పడితే మావోళ్ళు అది మాది కాదనుకుంటారు."

అట్టాంటిది ఆ సాఫ్ట్‌వేర్లో ఉండదనే అనుకున్నాడు ఓబులేసు. ఎతికితే ఉంది. దానికో మీట కూడా ఉంది. ఖర్మ.

కుందేళ్ళు మాకు ఒక డప్పు చాలదన్నయ్యి. ముళ్ళపందులు మా డప్పు పక్కన కుందేళ్ళ డప్పు ఉండకూడదన్నయ్యి. గాడిద కూడా వచ్చాడు. పోటీలో ఉన్నవాడు కూడా తన డప్పు పెట్టమని అడిగాడు. ఓబులేసు దానిక్కూడా "సరే అన్నా" అన్నాడు.

"లేదు అనడం రాదా తమ్ముడా నీకు?" అంది కోటమ్మ.

"ఎట్టా అనను అక్కా? చోటు లేదందామంటే, చోటు ఉందని వాళ్ళకి మాలకొండయ్య మావ ముందే చెప్పాడు. చిన్నదైతే ఒకటే డప్పు, చూపిచ్చి దణ్ణం పెట్టేవాణ్ణి. నేను చిన్నోణ్ణని దాచుకుందామని పెద్దది పెట్టుకుంటే, ఇప్పుడు దాని ఎనక నేనే కనపడట్లా."

అన్నాక తనే నవ్వాడు. కనపడకూడదనే కదా మొదలెట్టింది అనుకున్నాడు.

డప్పులన్నీ కలిపేసరికి ఎవరిది వాళ్ళకి వినపళ్ళా. మళ్ళీ వరస. దున్నది పెంచాడు. జింకది తగ్గిందంది సుందరమ్మ, అదీ పెంచాడు. తాబేలుది పెంచితే అది దున్న దెబ్బ మీద పడింది, కోటిలింగం కొమ్ములు తిప్పుకుంటా వచ్చాడు. ఏదన్నా ఒకటి తగ్గిస్తే గానీ ఇంకోటి వినపడదు. ఏది తగ్గించినా గొడవే.

ఒక్కటి తగ్గిస్తే మాత్రం ఎవరూ అడగరు. అది ఓబులేసు గొంతు.

కొంచెం దించాడు. ఎవరూ ఏమనలా. ఇంకొంచెం దించాడు. కోటిలింగం, "ఇప్పుడు కుదిరింది," అన్నాడు. సుందరమ్మ, "బంగారం," అంది. వాడి జన్మలో అన్ని మెచ్చుకోళ్ళు ఎప్పుడూ వినలా. మొహమాటానికి ఇంకొంచెం దించాడు.

"తమ్ముడా, పుట్టమ్మ ఏదీ? నాకు ఇనపట్లేదు," అంది కోటమ్మ.

"ఉంది అక్కా. చెవి పెట్టి ఇంటే ఉంది."

"రేడియోకి చెవి పెట్టి ఎవరు ఇంటారురా!"

తీద్దామా ఈ డప్పులన్నీ, చిన్నదే పెడదామా అని ఒక క్షణం అనిపించింది ఓబులేసుకి. మీట మీదికి గోరు కూడా పోయింది. అంతలో టపటపా చినుకులు మొదలు. మాలకొండయ్య పరిగెత్తుకుంటా వచ్చి పాట పట్టుకుపోయాడు.

ఓట్లు పడ్డయ్యి. ఒక్క ఓటు కూడా పక్కకి పోలా. గాడిద కూడా తన పాటకి కాకుండా తన డప్పుకే వేసుకున్నాడు. అడవి పుట్టినకాడ్నించి అట్టాంటి గెలుపు లేదన్నారు. సభలో మాలకొండయ్య తన పేరు తనే చెప్పుకున్నాడు, ఎందుకైనా మంచిదని.

తెల్లారింది. ఓబులేసు బొరియ గుమ్మంలో కూచుని రేడియో కోసం చూస్తా ఉన్నాడు. ఇప్పుడు అడివంతా తన గొంతు వింటది. పాట మొదలైంది. దున్నలు "అదిగో మాది!" అని కాళ్ళు నేలకేసి కొట్టినయ్యి. జింకలు "ముందు మాదే!" అని ఎగిరినయ్యి. తాబేలు తాతయ్య పాట అయిపోయినాక ఊగడం మొదలెట్టాడు. చెన్నయ్య తలకి మొదటిసారి ఒక పని దొరికింది.

ఓబులేసు తన గొంతు కోసం చెవులు రిక్కించాడు. "తలుపు తియ్యవే" అన్నకాడ ఒక్క ముక్క వినపడ్డట్టు అనిపించింది. తను పాడింది కాబట్టి అనిపించిందేమో.

అప్పుడొచ్చింది ప్రెసిడెంటు ఏనుగమ్మ, స్వయంగా, దండేసిపోదామని. చుట్టూతా జనం.

అప్పుడు ఓబులేసు ముడుచుకోలా. పుట్టినకాడ్నించి మొదటిసారి, అందరి ముందూ నిలబడి, మొహమెత్తి, గట్టిగానే అడిగాడు.

"పాట ఎట్టా ఉందమ్మా?"

ఏనుగమ్మ పెద్ద మనసున్నది. అబద్ధం చెప్పదు. తొండంతో వాడి తల నిమిరింది. ఈ కథకి నీతి కావాలంటే నా దగ్గర వేరే లేదు, ఏనుగమ్మ అప్పుడన్న మాటే, ఒక్క ముక్క మార్చకుండా చెప్తన్నా.

"అంతా బాగుందిలే అబ్బాయ్ ఓబులేసూ, కానీ డప్పుల మధ్యన ఎవుడో సన్నగా గొణుగుతా ఉన్నాడే, వాణ్ణి తీసేయించు, ఇంక తిరుగుండదు."