బావ గిటార్‌లో చెయ్యి

శనివారం మధ్యాహ్నం సెమెసా అనుకున్న పని చిన్నదే. గిటార్ తుడిచి, శ్రుతి చేసి, కాసేపట్లో సువా నుంచి వచ్చే పడవ దిగే బావ విలికేసా చేతిలో పెట్టాలి. మూడింటికి సెమెసా ఉండే లెవూకాలోనే విలికేసా కూతురి పెళ్ళి. చనిపోయిన తన తండ్రి వాయించిన ఆ గిటార్‌తోనే కూతుర్ని చర్చి నుంచి పందిట్లోకి తీసుకురావాలని అతని కోరిక. అందుకే శ్రుతి చేసి ఉంచమని దాన్ని ఒకరోజు ముందే సెమెసాకు పంపాడు.

లావు తీగ మీటగానే లోపల తుమ్మెద చిక్కుకున్నట్టు బుర్రుమంది. సెమెసా చిన్న అద్దం దూర్చి చూశాడు. పైచెక్కకు అడుగున ఊతంగా అతికించిన పట్టీ ఒక కొస ఊడి ఉంది. నిన్న రేవులో గిటార్ అందుకున్నాక, దాన్ని వ్యానులో పెట్టి కిటికీ అద్దాలెక్కించి, యంగోనా వేరు పానీయం తాగడానికి స్నేహితుడింట్లో కూర్చున్న సంగతి గుర్తొచ్చింది. కూర్చున్నది మూడు గంటలు.

పడవలు బాగుచేసే మనిషి కనుక వెనకాడలేదు. పడవ పలకల జిగురు పట్టీకి పూసి, గుండ్రటి రంధ్రంలోంచి చెయ్యి పోనిచ్చి, రెండు వేళ్ళతో పైకి అదిమిపట్టాడు. నలభై నిమిషాలు వదలకూడదు. ఏమైనా వదలనని ఒట్టు పెట్టుకున్నాడు.

పదో నిమిషంలో భార్య, విలికేసా చెల్లెలు టిటిలియా వచ్చింది.

"ఇరుక్కుందా?"

"ఇరుక్కోలేదు. పట్టుకున్నాను."

"ఇరుక్కున్నవాళ్ళందరూ అదే అంటారు," అంటూ పక్కింటికి పరిగెత్తింది.

పక్కింటి సలోటె ముప్పై ఏళ్ళు నర్సుగా చేసింది. కొబ్బరినూనె సీసాతో వచ్చి అతని మణికట్టు మీద ధారగా పోసింది.

"అక్కా, పొయ్యకు. నేనే పట్టుకున్నాను."

"సిగ్గెందుకు తమ్ముడూ? నొప్పి తెలుస్తోందా? తెలియకపోతే రక్తం ఆడట్లేదన్నమాట."

"నువ్వు పొయ్యకపోతే ఏ నొప్పీ లేదు."

ఆమె వినిపించుకున్నది చివరి రెండు మాటలే. నొప్పి తెలియడం లేదన్న కబురు వీధి దాటేసరికి చెయ్యి నల్లబడింది, రేవు చేరేసరికి పనికిరాకుండా పోయింది. వడ్రంగి అపెనిసా రంపంతో దిగాడు.

"గిటార్ పోతే పోయింది. మనిషి దక్కాలి."

సెమెసా గిటార్‌తో సహా లేచి ఇంటి చుట్టూ పరుగు తీశాడు. వెనక రంపం, దాని వెనక నూనె సీసా, దాని వెనక టిటిలియా. ఇన్ని చుట్లు తిరిగినా వేళ్ళు మాత్రం సడలించలేదు.

నాలుగో చుట్టులో విలికేసా ఎదురయ్యాడు. రేవులో విన్నది నమ్మక, పెళ్ళిచొక్కాతోనే వచ్చాడు.

ఇక దాచి లాభం లేదనిపించింది. "తప్పు నాదే బావా. ఎండలో వ్యాను పొయ్యిలా కాగింది. పాత జిగురు మెత్తబడింది, తీగల లాగుడికి పట్టీ ఊడింది. అతికించి పట్టుకున్నాను, అంతే. నలభై నిమిషాలైంది. చూడండి."

అందరూ చూస్తుండగా చెయ్యి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. పట్టీకి పూసిన జిగురు రెండు వేళ్ళనూ తన వాటా కింద తీసుకుంది.

అపెనిసా మళ్ళీ రంపం ఎత్తాడు.

"ఆగు. మా నాన్న గిటార్ కొయ్యనివ్వను," అన్నాడు విలికేసా.

"మరి నా చెయ్యి?"

"అది మీ నాన్నది."

టిటిలియా అన్నవైపూ మొగుడివైపూ చూసి, ఎవరి పక్షమో తేల్చుకోలేక తలుపుకు ఆనుకుంది. సెమెసా కళ్ళు మూసుకున్నాడు. పట్టీని వదలనన్నాడు, వదల్లేదు. కానీ పెళ్ళికి వేళవుతోంది. పళ్ళు బిగించి ఒక్క గుంజు గుంజాడు. చెయ్యి బయటికి వచ్చింది. రెండు వేలికొసల చర్మం రాలేదు.

విలికేసా లావు తీగ మీటాడు. గంటలా మోగింది. ఇంకోసారి మీటి, చెవి ఒగ్గి విని, సెమెసా భుజం మీద చెయ్యి వేశాడు. సలోటె కట్టు కట్టింది.

ఆ పెళ్ళిలో బావాబావమరుదులిద్దరూ కలిసి గిటార్ వాయించారని సలోటె ఇప్పటికీ చెబుతుంది. లోపల మిగిలిన చర్మం లెక్క చూస్తే అబద్ధమేమీ కాదు.