గిఫ్టు కార్డుతో తిరిగిన ఫ్యాను

"ఆ కార్డు అమ్మితే మా అన్నకు తెలిసిపోతాది. మళ్లా మూడేండ్లు మాట్లాడడు. ఈ తూరి సచ్చేదాకా మాట్లాడడేమో!"

బొరుగుల ఉగ్గాని కలుపుతూ హేమావతి అన్న మాట ఇది. కార్డు అమ్మాలని అప్పటికింకా ఎవరూ అనలేదు. కూతురు అశ్విని దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, అంతే. హేమావతి విషయంలో ఎప్పుడూ భయం ముందు వస్తుంది, సంగతి వెనక నింపాదిగా వస్తుంది.

ఆమె అన్న గంగాధరప్ప బెంగళూరులో ఒక కంపెనీలో స్టోర్సు చూసుకుంటాడు. తమ్ముడి పెండ్లిలో తాంబూలం తనకంటే ముందు ఇంకెవరికో ఇచ్చారని అలిగి, మూడేండ్లు చెల్లెలి గడప తొక్కలేదు. పోయిన నెలలో వీళ్లు ధర్మవరంలో కొత్త ఇల్లు చేరినప్పుడు మాత్రం ఎట్లాగో మనసు కరిగి వచ్చాడు. వస్తూ ఒక కవరు చేతిలో పెట్టాడు. అందులో ఉన్నది బెంగళూరులోని ఒక పట్టుచీరల అంగడి వాళ్ల గిఫ్టు కార్డు.

"శెనక్కాయలు పండించే బెళుగుప్పోనికే శెనక్కాయలు పంపినట్టుండాది," అన్నాడు హేమావతి భర్త జయరాం ఉగ్గాని నములుతూ. "నేను నేసే చీరలే ఆ అంగడికి పోతాయి. నేను నేసిందే నేను రైలెక్కి పోయి తెచ్చుకోవల్లనా?"

జయరాంకు కావలసింది చీర కాదు, ఫ్యాను. ఎండాకాలం మగ్గం గుంతలో కూర్చుంటే ఒళ్లంతా చెమట. ఒక్క చుక్క పట్టు మీద పడితే మరక, మరక పడితే పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు ఓబుళేసు నోరు.

"వద్దనుకున్న కార్డులు అమ్మిపెట్టే వెబ్‌సైటు ఉండాది నాయనా," అంది అశ్విని. ఆమె అనంతపురంలో డిగ్రీ చదువుతోంది. "ఇంటర్నెట్ సెంటర్లో కూర్చొని పెట్టేసి వస్తా. మన పేరు గూడా రాదు."

"పేరు ల్యాకపోతే దొంగసొమ్ము అనుకుంటారు!" అంది హేమావతి.

"సరే, పేరు పెడతాలేమ్మా."

"పెడితే మీ మామ చూస్తాడు!"

పేరు లేకుండానే పెట్టింది. తొమ్మిదో రోజున మైసూరులో ఎవరో కొన్నారు. కార్డు కొరియరులో పోయింది, దుడ్లు వచ్చాయి, మగ్గం గదిలో ఫ్యాను తిరిగింది. అది ఊడి పడదని నమ్మకం కుదరడానికి హేమావతికి మూడు రోజులు పట్టింది.

నమ్మకం కుదిరిన రోజే అన్న ఫోను చేశాడు.

"ఆదివారం కదిరికి పెండ్లికి పోతాండాం మ్మీ. ధర్మవరంలో దిగి, మీ ఇంట్లో అన్నం తిని పోతాం. మీ వదిన ఆ చీర చూడల్లంటాంది. తీసుకుంటిరా?"

ఇంకా లేదన్నా అంటే సరిపోయేది. "తీసుకున్యాం అన్నా!" అంది హేమావతి.

"ఏం రంగు?"

ఆమె ముందు కత్తిపీట ఉంది, కత్తిపీట ముందు కూరగాయ ఉంది. "వంకాయ రంగు!"

అదృష్టమో మరేమో, మగ్గం మీద సగం నేసిన చీర కూడా వంకాయ రంగుదే. ఓబుళేసుది. ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకుపోతానన్నాడు. ఈలోగా, మధ్యాహ్నం ఒక్క గంట, దాన్ని అంగట్లో కొన్న చీరగా చూపిస్తే చాలు. జయరాం తిండీ తిప్పలూ మాని గుంతలో కూర్చున్నాడు. కార్డు అమ్మి కొన్న ఫ్యాను కింద, కార్డు పెట్టి కొన్న చీరను మూడు రోజుల్లో నేసి దింపాడు. పక్కింటి మారెక్క రేషను కార్డు దాచుకునే బెంగళూరు అంగడి సంచీని అరువు తెచ్చి, చీరను అందులో పెట్టింది అశ్విని.

ఆదివారం గంగాధరప్ప, భార్య జయంతి వచ్చారు. ఎండ మండిపోతోంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫ్యాను కాబట్టి మగ్గం గదిలోనే ఆకులు వేయవలసి వచ్చింది.

"గాలి బాగుండాది. ఫ్యాను కొత్తదా?" అన్నాడు గంగాధరప్ప.

"పాతదే అన్నా! తుడిచినా!" అంది హేమావతి.

భోజనం ముగించి చేయి కడుక్కుని వచ్చిన జయంతి చీర విప్పి ఒళ్లో పరుచుకుంది. అంచు తడిమి చూసింది. "అబ్బా! హేమా, ఈ పొద్దు నాకియ్యి. పెండ్లిలో కట్టుకొని, రేపు పంపిస్తా."

హేమావతి కళ్ల ముందు ఓబుళేసు నిలబడ్డాడు. "మొక్కుకున్నా వదినా! మొదుట నేనే కట్టుకుంటానని కదిరి నరసింహసామికి మొక్కుకున్నా!"

"దేవుని మాటైతే వద్దులేమ్మా," అని జయంతి చీర మడతపెట్టింది. గండం గడిచింది. హేమావతి ఊపిరి వదలబోతుండగా జయంతి మళ్లీ అంది. "నేనూ ఆ అంగట్లోనే ఒకటి తీసుకుంటా. ఏమీ అనుకోవద్దు జయరామన్నా, ధర్మవరమోళ్లకు ఈ పనితనం యాడ వస్తాది?"

జయరాం చేతిలోని ఓళిగ నోటిదాకా పోయి ఆగింది. వడ్డిస్తున్న హేమావతి అతని కాలు తొక్కింది. ఇంకా గట్టిగా తొక్కింది. పాతికేండ్లు మగ్గం తొక్కి తొక్కి బండబారిన కాలికి అది తెలియలేదు.

"ఆ చీర నేను నేసినా!" అన్నాడు. "ఈడనే, ఈ గుంతలోనే, నిన్న దీపాలు పెట్టేదాకా! కొంగు చివర చూడక్కా, మడత లోపల రెండు పచ్చ పోగులుంటాయి. నా చేతి చీర అన్నిట్లోనూ ఉంటాయి!"

జయంతి చూసింది. ఉన్నాయి, రెండు పచ్చ పోగులు.

"మరి మేమిచ్చిన కార్డు?"

జయరాం ఓళిగతో పైకి చూపించాడు. అందరూ తలలెత్తి ఫ్యాను వైపు చూశారు. అందరి తలలూ దిగిపోయినా గంగాధరప్ప తల దిగలేదు.

ఫ్యాను కటకటమంటోంది. హేమావతికి ఆ కాసేపట్లో మూడేండ్లు కనబడ్డాయి, వాటి వెనక ఇంకో ముప్పై కనబడ్డాయి, అశ్విని పెండ్లిలో మేనమామ లేని పందిరి కనబడింది. "తిట్టన్నా తిట్టన్నా, మాట్లాడు," అంది ఏడుపు గొంతుతో. అతను మజ్జిగ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. భార్య వంక చూశాడు. ఆమె గోడ వంక చూసింది. అశ్విని ఆకులు తీసేసింది.

చివరికి గొంతు సవరించుకున్నాడు.

"ఆ కార్డు మా కంపెనీవాళ్లు దీపావళికి ఇచ్చింది మ్మీ. నేనూ ఆర్నెల్లు అమ్మకానికి పెట్టినా, ఒక్కడూ అడగల్యా." మేనకోడలి వైపు తిరిగాడు. "పాపా, ఆ వెబ్‌సైటు పేరేందో రాసియ్యి. ఇంట్లో ఇంకా నాలుగుండాయి. ఒకటి నీ పెండ్లికని దాచిపెట్టినా, దాన్ని గూడా అమ్మేస్తాం."