నిదానంగా పనిచేసే పాయసం

కిరండూల్ క్వార్టర్స్‌లో ఆ ఉదయం ఉమామహేశ్వరికి ఒక్కటే పని. పక్కింటి ఫ్రిజ్‌లో దాచిన స్టీలు గిన్నె తీసుకుని, పదింటి బస్సెక్కి, జగదల్‌పూర్ ల్యాబులో రీసెర్చి గైడుకు అప్పగించడం. తన ఫ్రిజ్ మొరాయించిందని నిన్న సాయంత్రం ఆ గిన్నెను పక్కింటి అప్పలకొండమ్మ చేతిలో పెట్టి, "ఫ్రిజ్‌లో పెట్టండి పిన్నీ" అని పరుగెత్తింది. అందులో ఉన్నవి ఎర్రటి పోషక ద్రవంలో తేలే జెల్ పూసలు. పుండు మాన్పే గ్రోత్ ఫ్యాక్టర్ అనే మందును నేరుగా పుండు మీద పోస్తే గంటలో కొట్టుకుపోతుంది. ఆ పూసల్లో దాస్తే మూడు వారాలపాటు కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. ఉమ రెండేళ్ళ చాకిరీ, రాబోయే డాక్టరేటు, అన్నీ ఆ గిన్నెలోనే ఉన్నాయి.

అప్పలకొండమ్మ కోడలు ఇంద్రాణి నవ్వుతూ గిన్నె తెచ్చిచ్చింది. లోపల పులిహోర!

"ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అత్తయ్య పెట్టారు. మీరిచ్చిన సగ్గుబియ్యంతో పాయసం కాచి వీధంతా పంచి, బజారుకెళ్ళారు."

ఉమ కెవ్వుమంది. "అది సగ్గుబియ్యం కాదొదినా! కణాలు పెరిగే మందు!"

ఆ కేకకు బయటికొచ్చిన ఎదురింటి చిన్నారావు గనిలో సేఫ్టీ ఆఫీసరు. రెండు గిన్నెల పాయసం తాగినవాడు. "పెరగడమేటి? నాకేం తెలీడం లేదే!"

"వెంటనే తెలీదండీ. మూడు వారాలు మెల్లమెల్లగా..."

"అయితే లోపల పని మొదలెట్టేసిందన్నమాట!" అంటూ ఆయన ఈల ఊదాడు.

పాయసం తాగిన పదకొండు మందీ వీధిలోకొచ్చారు. కమ్మలు బిగుతయ్యాయని ఒకావిడ ఏడుపు. ఉడికిస్తే మందు పనిచేయదని ఉమ మొత్తుకున్నా వినేదెవరు? చిన్నారావు అందర్నీ కాలువ గట్టున వరసగా కూర్చోబెట్టి, కక్కించడానికి తలా చెంబుడు ఉప్పునీళ్ళు తాగించాడు. తన రెండేళ్ళ కష్టం గురించి ఒక్కరికీ పట్టలేదని ఉమకు ఏడుపొచ్చింది.

అంతలో కూరగాయల సంచితో అప్పలకొండమ్మ వచ్చింది. సంగతి విని నోరెళ్ళబెట్టింది.

"ఆ పూసలేటమ్మా? ఎర్రనీళ్ళలో తేలుతుంటే పులిసిపోయాయనుకున్నాను. ఇష్టంగా ఇచ్చావు, మొహమ్మీద చెప్తే బాగుంటాదా? మా సగ్గుబియ్యంతో కాచి నీ పేరు చెప్పాను. పారబొయ్యడానికి మనసొప్పక నీవి మూత డబ్బాలో పోసి ఫ్రిజ్‌లోనే ఉంచాను."

ఉమ ఆనందం పట్టలేక ఆవిణ్ణి కావలించుకుని, డబ్బా కోసం లోపలికి పరుగెత్తింది.

అప్పలకొండమ్మ కాలువ గట్టు వైపు తిరిగింది. "ఇంతకీ పాయసం ఎలా ఉందో ఒక్కరూ చెప్పరేటి?"

పదకొండు మందీ మూతులు తుడుచుకుని, బ్రహ్మాండంగా ఉందన్నారు.