ఎదెల్మిరా దూరపు చూపు

ఆ ఉదయం ఎదెల్మిరా అనుకున్నది చాలా చిన్న పని: పొద్దెక్కక ముందే సంతకెళ్లి టోపీలకు గడ్డి తెచ్చుకోవడం. ఎండ ముదిరితే పోచ పెళుసెక్కుతుంది కనుక మోంటెక్రిస్తిలో టోపీలల్లేవాళ్లంతా కోడికూతతో లేచేవాళ్లే. ఆవిడకు చిన్నప్పటినుంచీ దూరం ఆనదు. సోడాబుడ్డి అద్దాలు లేకపోతే వీధిలో మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు. అల్లేటప్పుడు మాత్రం అవి తీసేసి గడ్డిని ముక్కు దగ్గర పెట్టుకుంటే, వెంట్రుకంత పోచ కూడా తాడులా కనబడేది. అంత సన్నటి అల్లిక ఊళ్లో మరొకరికి లేదు.

ఆ రోజు అద్దాలు బల్ల మీదే మరిచిపోయింది. మనవరాలి బాప్తిస్మంలో జ్ఞానమాతగా నిలబడాల్సిన నార్సిసా వీధి అవతలినుంచి చెయ్యి ఊపితే, చూడకుండా సాగిపోయింది. పలకరింపుకు బదులివ్వకపోవడం అక్కడ చెంపదెబ్బతో సమానం. మర్నాడు క్షమాపణ చెబుదామని వెళ్లి, కన్నీళ్లతో అద్దాలు మసకబారి, చర్చి మెట్ల మీద వేరొకావిడను కావలించుకుంది. ఆవిడ నార్సిసాకు ఆగర్భశత్రువు. దాంతో బాప్తిస్మమే ఆగిపోయింది.

"నీ కళ్లు బాగు చేయించకపోతే మా పరువు దక్కదమ్మా" అంది కూతురు యాదిరా.

ఇంటిల్లిపాదీ మాంటాలోని ఆసుపత్రికి తరలివెళ్లారు. కంట్లో ఉన్న లెన్స్ తీసి కొత్తది పెడతామనీ, అయితే అది దూరానికో దగ్గరికో ఒకదానికే పనిచేస్తుందనీ డాక్టరమ్మ వివరించింది. ఎదెల్మిరా నోరు విప్పేలోగా అందరూ దూరానికే అన్నారు. దగ్గరగా చూసి చేసే పనులేమైనా ఉన్నాయా అని అడిగితే భర్త లిసాండ్రో నవ్వాడు.

"టోపీలల్లుతుంది డాక్టరమ్మా. మావాళ్లకు కళ్లు వేళ్లలోనే ఉంటాయి."

అది ఆ ఊరివాళ్లు కొనేవాళ్ల దగ్గర కొట్టే పాత గొప్ప. డాక్టరమ్మ నమ్మింది.

ముందు ఒక కంటికే చేశారు. కట్టు విప్పాక ఆ కంటికి గడ్డి పొగమంచులా కనబడింది. ఒక కన్ను చూసింది మరొకటి ఒప్పుకోక, వరసలు వంకర పోయాయి. అల్లినదంతా విప్పుతూ ఎదెల్మిరా ఏడ్చింది. దగ్గరికి అద్దాలు పెట్టుకోమని యాదిరా సలహా ఇచ్చింది. అద్దాలు వదిలించాలని ఆపరేషన్ చేయించింది కూడా తనే. రెండో కన్ను మిగిలిపోయినందుకే ఈ తంటా అని అందరూ తీర్మానించి, దాన్ని త్వరగా చేయించాలని తొందరపెట్టారు.

ఆపరేషన్ ముందురోజు ఆవిడ కిటికీ దగ్గర కూర్చుంది. ఎదురుగా రొట్టెల కొట్టు ముందు లిసాండ్రో స్నేహితుల మధ్య నిలబడి, లేని టోపీని ముక్కుకు రాసుకుంటూ అల్లుతున్నాడు. తర్వాత తడుముకుంటూ వెళ్లి స్తంభానికి దండం పెట్టాడు. వాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వులు ఆవిడ పెళ్లైనప్పటినుంచీ, అద్దాలు తీసి అల్లుకుంటూ వింటోంది. మొగుడు సరదా మనిషని మురిసిపోయేది కూడా. ఇప్పుడు లేచి కిటికీ మూసేసింది.

మర్నాడు డాక్టరమ్మ, ఇదీ దూరానికేనా అని అడిగింది. అందరూ తలలూపారు.

"దీన్ని ముట్టుకోకండి డాక్టరమ్మా. దీంతో నేను అల్లుకోవాలి" అంది ఎదెల్మిరా.

"ఒకటి అటూ ఒకటి ఇటూ అయితే ఎలాగే?" అన్నాడు లిసాండ్రో.

"అల్లేటప్పుడు బాగుచేసినదానికి గుడ్డ కట్టుకుంటాను. దాంతో చూడాల్సింది నిన్న కిటికీలోంచి చూసేశానులే. స్తంభానికి దండం బాగా పెడతావయ్యా."

లిసాండ్రో టోపీని కళ్ల మీదికి లాక్కున్నాడు. యాదిరాకు ఏమీ అర్థం కాలేదు. డాక్టరమ్మ మాత్రం, మొదటి ఆపరేషన్ ఇంత బాగా కుదరడం అరుదని మెచ్చుకుంది.