నాలుగో మనిషి

శనివారం ఉదయానికి శశికాంత్ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ఏడింటికి ఇర్వింగ్‌లోని పాడెల్ క్లబ్‌కు వెళ్లాలి, డైరెక్టర్ నళిని గారి ఎదుట చూడముచ్చటగా ఒక ఆట ఆడాలి, ఆఫీసులో కొత్తగా ఏర్పడుతున్న టీమ్‌కు లీడ్ అనిపించుకోవాలి. ఆ పదవికి అతనితో పోటీ పడుతున్నది వినీత్ ఒక్కడే. అద్దాల గోడల మధ్య ఆడే టెన్నిస్ లాంటి ఈ పాడెల్‌ను ఇద్దరికిద్దరు జతగానే ఆడతారు కనుక, పక్కవారితో మనిషి మెలిగే తీరు ఇంటర్వ్యూలో కన్నా అక్కడే బాగా బయటపడుతుందని నళిని గారి నమ్మకం. తాను వినీత్‌తో కలిసి ఆడతానని, శశికాంత్ తన జతను తానే తెచ్చుకోవాలని ఆవిడ చెప్పారు.

అనర్థానికి మూలం ఆ చివరి షరతు. శశికాంత్ ముందుగా పాత రూమ్మేట్ జగదీష్‌ను అడిగాడు. "చూస్తలే రా" అన్నాడు జగదీష్. రానని చెప్పలేక అన్న మాటగా దాన్ని గ్రహించి, పై అంతస్తులో ఉండే మాస్టర్స్ విద్యార్థిని దేదీప్యను అడిగాడు. "ట్రై చేస్తా అన్నా" అంది ఆమె. దాన్నీ అదే పద్దులో వేసి, పక్క అపార్ట్‌మెంట్‌లోని రిటైర్డ్ ఇంజనీరు తిరుపతయ్య గారి తలుపు తట్టాడు. "కుదిరితే వస్తాలే బాబూ" అన్నారాయన. చివరికి గతిలేక, భార్య రేణు చేతికే రాకెట్ ఇచ్చాడు. అతను గమనించనిది ఒక్కటే. ముగ్గురినీ అడిగేటప్పుడు, "మీరు రాకపోతే నా కెరీర్ అయిపోయినట్టే" అని ముగ్గురికీ విడివిడిగా చెప్పాడు. ముగ్గురూ మంచివాళ్లు.

క్లబ్ పార్కింగ్‌లో కారు దిగుతూనే రేణు వేలు చూపించింది. "అదుగో, మీ పార్ట్‌నర్లు."

"ఫ్రిస్కో నుంచి డ్రైవ్ చేసుకుంట వచ్చిన. కెరీర్ పోతదంటివి కదరా!" అన్నాడు జగదీష్.

"లైబ్రరీ షిఫ్ట్ స్వాప్ చేసుకుని మరీ వచ్చా అన్నా. టెన్షన్ పడకు" అంది దేదీప్య. తిరుపతయ్య గారు కొత్త బూట్ల లేసులు బిగించుకుంటున్నారు.

"ఒక్కర్ని ఉంచుకుని మిగతావాళ్లకి థాంక్స్ చెప్పేయండి" అంది రేణు మెల్లగా.

"మొహం మీద ఎలా చెప్తాం?"

"పోనీ, నేను చెప్పనా?"

"వద్దొద్దు, బాగుండదు."

బాగుండేటట్టు చేయడానికి శశికాంత్ ఒక మార్గం కనిపెట్టాడు. రేణు బయటే ఉంటుంది; గేమ్‌కొకరు చొప్పున ముగ్గురూ తనకు జతగా ఆడతారు. అందువల్ల ఆట నియమాలను మూడుసార్లు మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. అందువల్ల చుట్టూ ఉన్న అద్దాల గోడల వెలుపల నిలబడి విన్నవాళ్లు, లోపల ఉన్నవాళ్లకు సలహాలివ్వడం మొదలుపెట్టారు.

మొదట తిరుపతయ్య గారి వంతు. "బాబూ, బంతి గోడకి తగిలింది. అవుట్ కదా?"

"కాదండీ అంకుల్. ముందు నేల మీద పడి, తర్వాత అద్దానికి తగిలితే ఆట నడుస్తున్నట్టే. నేల మీద పడకుండా అవతలి అద్దానికి తగిలితే అవుట్."

"మరి ఇందాక నేను కొట్టింది?"

"అది... తిన్నగా అద్దానికే తగిలిందండీ."

"గట్టిగా తగిలింది కదూ?"

"చాలా మంచి షాటండీ."

ఆ ప్రశంసతో ఉత్సాహం పొంది, తిరుపతయ్య గారు తక్కిన బంతులన్నిటినీ అలాగే కొట్టారు. తర్వాత జగదీష్ వచ్చి, ఎగిరొచ్చిన బంతిని ఒంటిచేత్తో పట్టేశాడు.

"పట్టిన రా! అవుట్!"

"చేత్తో ముట్టకూడదురా. పాయింట్ వాళ్లకి పోయింది."

"గింత మంచి క్యాచ్‌కా?"

దేదీప్య నిజంగానే బాగా ఆడింది కానీ, అప్పటికి శశికాంత్ ఆటను చూడడం లేదు. అద్దం అవతల నిలబడిపోయిన తిరుపతయ్య గారిని చూస్తున్నాడు. పెద్దాయన నిలబడి ఉండగా తాను ఆడడం అతనికి సబబుగా తోచలేదు. ఆ గేమ్ ముగియగానే తన స్థానాన్ని ఆయనకిచ్చి బయటికి వచ్చేశాడు.

"మీ ఇంటర్వ్యూలో మీరు తప్ప అందరూ ఉన్నారు" అంది రేణు.

లోపల వినీత్ విజృంభించాడు. తన వైపు వచ్చిన బంతినీ, నళిని గారి వైపు వచ్చిన బంతినీ, "వదిలేయండి నళిని గారూ, నాది!" అంటూ తానే కొట్టాడు. గేమ్ పూర్తికాగానే తిరుపతయ్య గారి వైపు తిరిగి, "అంకుల్, మీరింక ఆడొద్దు. స్లో అవుతోంది" అన్నాడు. తిరుపతయ్య గారు "సరే నాయనా" అని బయటికి వచ్చి, హాయిగా నీళ్లు తాగారు. ఒకరికి వద్దని చెప్పడం అంత సులువుగా అయిపోతుందని శశికాంత్‌కు అప్పటిదాకా తెలియదు. ఆయన చోటులోకి జగదీష్ వెళ్లి, మరో క్యాచ్ పట్టాడు.

ఒక్క గేమ్ కూడా పోకుండా వినీత్ జట్టు గెలిచింది. నళిని గారు బయటికి వచ్చి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు కానీ, తుడవడానికి అక్కడ చెమట లేదు.

"శశికాంత్, టీమ్ నీకే ఇస్తున్నా."

"నేను సరిగా ఆడనే లేదండీ!"

"నేను మాత్రం ఆడానా? బంతి నా దాకా వస్తే కదా! వినీత్ గెలిచాడు, నేను నిలబడ్డాను. మీవాళ్లని చూడు, అంత ఓడిపోయి కూడా మళ్లీ ఎప్పుడు ఆడదామని అడుగుతున్నారు. నాకు అలాంటి టీమ్ కావాలి."

శశికాంత్ సంతోషం పార్కింగ్ దాకా నిలిచింది. కారెక్కబోతూ నళిని గారు ఆగారు.

"అన్నట్టు, నీ టీమ్‌లోకి వస్తామని పన్నెండు మంది అడిగారు. నలుగురినే తీసుకోగలం. మిగతావాళ్లకి సోమవారం నువ్వే చెప్పు. అలాంటివి లీడ్ చెప్తేనే మర్యాద."

సోమవారం ఉదయం శశికాంత్ తన టీమ్‌కు మొట్టమొదట ఎంచుకున్నది వినీత్‌ను. మిగతావాళ్ల జాబితా కూడా అతని చేతికే ఇచ్చాడు. పదకొండింటికల్లా కాదనిపించుకోవలసిన వారందరూ కాదనిపించుకుని, హాయిగా నీళ్లు తాగుతున్నారు.