ఉప్పుమడుల దగ్గర మౌనవ్రతం

తెల్లవారుజామున ఐదున్నరకు లేచి, చప్పుడు చేయకుండా కారెక్కి, ఊరు కళ్ళు నులుముకునేలోపు ఉప్పుమడుల దగ్గరికి చేరిపోవాలన్నది ఆ రోజు పథకం. పథకం లైసాండ్రోస్‌ది. పక్షుల్ని చూడటానికి గ్రీసులోని ఈ లెస్వోస్ దీవికి ఎప్పుడు వచ్చినా పథకాలు ఆయనవే. థెస్సలోనికి బడిలో ముప్పయ్యేళ్ళు రసాయనశాస్త్రం చెప్పిన మనిషి కాబట్టి, సెలవుల్ని కూడా గాజుగొట్టంలో కొలిచి పోసేవాడు. ఆయన భార్య మెరోపి మందుల దుకాణం నడిపి మానేసింది. మూడోవాడు క్రిస్టోఫొరోస్. అదే బడిలో భూగోళం చెప్పేవాడు. రెండేళ్ళ కిందట అతని భార్య ఆంథూలా పోయింది.

ఆ రోజు మే తొమ్మిది, సెయింట్ క్రిస్టోఫొరోస్ పండుగ. ఆ పేరు పెట్టుకున్న ప్రతివాడికీ అది పుట్టినరోజు కన్నా పెద్దరోజు. పేరు పండుగకు ఎవరినీ పిలవరు, వాళ్ళే వస్తారు. తలుపు తీసి, తీపి పెట్టి, మంచి మాట చెప్పి పంపాలి. ఆంథూలా ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో నలభై మందికి తక్కువ కాకుండా వచ్చేవారు. ముందురోజు నుంచే ఆవిడ ద్రాక్షాకుల్లో అన్నం చుడుతూ కూర్చునేది. నిరుడు మాత్రం మొదటిసారి తలుపు గంట మోగగానే క్రిస్టోఫొరోస్ దీపాలార్పేసి, వంటింటి బల్ల దగ్గర ఊపిరి బిగబట్టి మూడు గంటలు కూర్చున్నాడు. తరవాత తలుపు తీసి చూస్తే గడప ముందు పదకొండు మిఠాయి పెట్టెలున్నాయి. ఈసారి ఆ పెట్టెల్ని చూసే ధైర్యం లేకే దీవికి వచ్చాడు.

ఇంకో కారణం కూడా ఉంది. ఇరవయ్యారేళ్ళ కిందట ఇదే దీవిలో కారులో వెళ్తుంటే ఆంథూలా కిటికీలోంచి చూసి, "పాలపిట్ట! పాలపిట్ట!" అని అరిచింది. ఆయన మ్యాపులో తల దూర్చి ఉన్నాడు. తలెత్తేసరికి ఆకాశం ఖాళీగా ఉంది. "అంత నీలం పిట్టలకెక్కడిదే? ఎవరిదో తువ్వాలు ఎగిరుంటుంది" అన్నాడు. ఆ మాట మీద ఇరవై నాలుగేళ్ళు నవ్వుకున్నారు. ఆఖరి వారంలో, ఆసుపత్రి మంచం మీద కూడా, ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "నిజంగానే పిట్టే" అంది. అప్పటి నుంచి ఆ పక్షిని ఒక్కసారి తన కళ్ళతో చూసి, తప్పు ఒప్పుకోవాలన్నది క్రిస్టోఫొరోస్‌కు మిగిలిన ఒకే ఒక్క పని. ఉప్పుమడుల పక్కనున్న కరెంటు తీగ మీద మొన్న ఒక పాలపిట్టను ఎవరో చూశారని లైసాండ్రోస్ కబురు పట్టుకొచ్చాడు. రేపో మాపో అది ఉత్తరానికి ఎగిరిపోతుంది.

ముగ్గురూ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగారు. కింద పెరట్లో, గదులు అద్దెకిచ్చే తసూలా అప్పటికే పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్ళెంలో కాఫీ, చెంచాలో చెర్రీ పాకం.

"నిండు నూరేళ్ళు బతకాలి క్రిస్టోఫొరోస్ బాబూ! మొన్న నీ గుర్తింపు కార్డు చూసి పేరు రాసుకున్నప్పుడే అనుకున్నాను. పండగపూట పరాయి ఊళ్ళో ఉన్నాడు, మనం లేకపోతే ఎవరున్నారని. సాయంత్రం మా పెరట్లోనే. అందరికీ చెప్పేశా!"

"అందరికీ అంటే?" అన్నాడు క్రిస్టోఫొరోస్ నీరసంగా.

"అందరికీ అంటే అందరికీ బాబూ. ఊరు పెద్దదేం కాదుగా. ఇంతకీ చీకటితో ఎక్కడికి? కూచో, నీ గురించి చెప్పు. పిల్లలెంతమంది?"

తసూలా దగ్గర కూచుంటే సూర్యుడు నడినెత్తికి రావలసిందే. లైసాండ్రోస్ గడియారం చూసుకున్నాడు. గొంతు తగ్గించి, తల వంచి, జీవితంలో మొదటిసారి కొలత లేకుండా ఒక మాట పోశాడు.

"తసూలమ్మా, అతన్ని పలకరించకండి. మొక్కుంది. ఉప్పుమడుల దగ్గర వాళ్ళ సెయింటుగారి చిన్న చర్చి ఉంది చూడండి, అక్కడికే. మధ్యాహ్నం దాకా మౌనం."

తసూలా చేతిలో చెంచా ఆగిపోయింది. శిలువ గుర్తు వేసుకుంది. "ఇందాక మాట్లాడాడే?"

"ఇప్పుడే మొదలైంది" అన్నాడు లైసాండ్రోస్.

ఆవిడ ఇంకేం అడగలేదు. చెర్రీ పాకం మాత్రం క్రిస్టోఫొరోస్ నోట్లో పెట్టి, పిల్లి అడుగులతో వెళ్ళి గేటు తీసింది.

కారు ఊరు దాటాక మెరోపి పొట్ట పట్టుకుని నవ్వింది. "మీకేమండీ, మీది పాతకాలపు సేనాపతి పేరు. ఆ పేరుతో సెయింటు లేడు, మీకు పండగా లేదు, పబ్బమూ లేదు. అందుకే సెయింట్లతో ఆటలాడుతున్నారు."

"ఒక్క మాటతో పని జరిగిందా లేదా? ఒరే క్రిస్టో, నువ్వు చెప్పరా."

"మొక్కు మీద అబద్ధం ఆడకూడదురా" అన్నాడు క్రిస్టోఫొరోస్. అంటూనే, కిటికీలోంచి వస్తున్న ఉప్పుగాలి పీల్చి, ఈ రోజుకు తప్పించుకున్నానని లోలోపల ఆనందపడ్డాడు.

ఉప్పుమడుల మీద పొగమంచు పలచగా ఉంది. పొడుగుకాళ్ళ పిట్టలు తమ నీడల్ని తామే పొడుచుకుంటున్నాయి. దూరంగా ఫ్లెమింగోలు. రెల్లు అంచున, రంగు వెలిసిన చిన్న చర్చి. దాని వెనక నడుం ఎత్తు గడ్డి పెరిగిన బీడు, బీడు మీదుగా కరెంటు తీగ. తీగ మీద ఏమీ లేదు. ముగ్గురూ రెల్లు చాటున మడత కుర్చీలు వేసుకున్నారు. "పాలపిట్టకు బెదురెక్కువ. తుమ్ము వస్తే మింగండి" అని లైసాండ్రోస్ ఆజ్ఞ. అరగంట గడిచింది. అటువంటి నిశ్శబ్దం క్రిస్టోఫొరోస్‌కు చాలా కాలానికి దొరికింది.

అప్పుడు మోపెడ్ చప్పుడు వినబడింది.

మోపెడ్ నడుపుతున్నది ఊరి ఫాదర్ స్ట్రాటిస్. నల్ల అంగీ గాలికి ఉబ్బి తెరచాపలా ఉంది. వెనక సీటు మీద తసూలా. ఫాదర్ బండి ఆపి, అంగీలోంచి జానెడు తాళంచెవి తీసి, క్రిస్టోఫొరోస్ రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"మాట్లాడకు నాయనా, మాట్లాడకు. తసూలా అంతా చెప్పింది. థెస్సలోనికి నుంచి మొక్కు మోసుకొచ్చినవాడు తాళం వేసిన తలుపు ముందు నిలబడితే ఊరి పరువేం కాను?"

క్రిస్టోఫొరోస్ నోరు తెరిచాడు. తసూలా వెంటనే అరచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు బాబూ! ఆపుకో! మా అమ్మమ్మ ఇలాగే ఒక్క మాట జారితే మొక్కంతా మళ్ళీ మొదటి నుంచి చేయాల్సొచ్చింది, మోకాళ్ళ మీద!"

ఆయన లైసాండ్రోస్ వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం, నువ్వు పెట్టిన ముడి నువ్వే విప్పు అని. లైసాండ్రోస్ గొంతు సవరించుకునేలోగా ఫాదర్ లోపలికి వెళ్ళి గంట తాడు లాగాడు. ఏళ్ళ తరబడి మోగని గంట, బాకీ అంతా ఒక్కసారే తీర్చుకున్నట్టు మోగింది. ఫ్లెమింగోలు గులాబీరంగు దుప్పటి దులిపినట్టు లేచి వెళ్ళిపోయాయి.

"పోయింది" అన్నాడు లైసాండ్రోస్. "ఇక పీతలే చూడాలి."

గంట వినగానే ఊరు కదిలింది. సెయింట్ క్రిస్టోఫొరోస్ అంటే బండి నడిపేవాళ్ళందరికీ పెద్దదిక్కు. ఏటా ఆ రోజున బళ్ళన్నిటినీ ఊరి కూడలిలో వరసగా నిలబెట్టి ఫాదర్ పవిత్రజలం చల్లుతాడు. ఈసారి సెయింటుగారి సొంత చర్చిలోనే మొక్కు జరుగుతుంటే కూడలి ఎందుకని ఊళ్ళో తీర్మానమైపోయింది. ముందు డ్రైవరు పనాగోస్ బస్సు వచ్చింది. వెనక రెండు టాక్సీలు, చేపల వ్యాను, ఏడు ట్రాక్టర్లు, అన్నిటికన్నా వెనక పసుపు పొక్లెయిన్.

వింత ఏమిటంటే, అందరూ గుసగుసలాడుతున్నారు. బస్సులోంచి దిగిన అరవై మంది మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి క్రిస్టోఫొరోస్ చుట్టూ చేరారు. ఒక్కొక్కరే ఆయన చెంపలు ముద్దు పెట్టుకుని, నూరేళ్ళు బతకమని చెవిలో ఊదుతున్నారు.

"దేనికి మొక్కో?" అంది ఒకావిడ.

"మూత్రపిండంలో రాయి" అన్నాడు పనాగోస్, ఎక్స్‌రే చూసిన ధీమాతో. "మొహం చూడు, ఎలా పాలిపోయిందో."

"రాయైతే నిలబడగలడా? కూతురి పెళ్ళి కోసమై ఉంటుంది."

క్రిస్టోఫొరోస్ తల అడ్డంగా ఊపాడు.

"చూశావా, కూతురు పెళ్ళికి ఒప్పుకోవట్లేదట!" అంది ఆవిడ. జనమంతా జాలిగా నిట్టూర్చారు.

మెరోపి నవ్వు ఆపుకోలేక రెల్లులోకి వెళ్ళిపోయింది. చివరికి ఫాదరే లైసాండ్రోస్‌ను నిలదీశాడు. "ప్రార్థనలో చెప్పాలి బాబూ. ఎవరి పేరు మీద?"

ఆ రసాయనశాస్త్రం మాస్టారికి ఇక కొత్త అబద్ధం పుట్టలేదు. "వాళ్ళావిడ... ఆంథూలా" అన్నాడు చిన్న గొంతుతో. "రెండేళ్ళయింది."

పనాగోస్ టోపీ తీశాడు. అప్పటిదాకా క్రిస్టోఫొరోస్ కోపంతో ఉడికిపోతున్నాడు. స్నేహితుడి మీద, గంట మీద, ఊరి మీద. ఇంతలో ఆయనెవరో కూడా తెలియని ఒక ముసలామె వచ్చి, ఏమీ అడక్కుండా, ఆయన చొక్కా మెడ సరిచేసి పైగుండీ పెట్టి వెళ్ళింది. అది ఎప్పుడూ ఆంథూలా చేసే పని. కోపం ఎటు పోయిందో ఆయనకు తెలియలేదు.

కూడలి పూజకని చేయించిన ఐదు తీపి రొట్టెల్ని పెద్ద పళ్ళెంలో పేర్చి ఆయన రెండు చేతుల్లో పెట్టారు. మొక్కున్నవాడే పట్టుకోవాలట. బైనాక్యులర్ మెడలో వేలాడుతూ ఉండిపోయింది. ఎత్తడానికి చెయ్యి లేదు.

ఈలోపు ట్రాక్టర్లు గట్టు మీదికి, పిట్టలు గుడ్లు పెట్టే చోటికి ఎక్కబోతున్నాయి. లైసాండ్రోస్ చేతులు బార్లా చాపి అడ్డం పరిగెత్తాడు. "అటు కాదు! గడ్డిలోకి! బీడులోకి తోలండయ్యా! బాబూ పొక్లెయినూ, వెనక్కి రా, నన్ను చూస్తూ రా!"

పొక్లెయిన్ వాడికి ఆయన చేతి సైగలు నచ్చలేదు. "మాస్టారూ, మీరు బండి తోలతారా?"

"తోలను."

"అయితే పక్కకి జరగండి."

"జరగను! నీ వెనక చక్రం కింద గూళ్ళున్నాయి!"

పూజ మొదలైంది. ఫాదర్ తులసిలాంటి రుద్రజడ కొమ్మను పవిత్రజలంలో ముంచి బస్సు మొహాన చల్లాడు. జలం పడ్డ బండి హారన్ కొట్టాలి, అది ఆచారం. మౌనవ్రతం ఎదురుగా ఉందని పనాగోస్ ఒక్క క్షణం తటపటాయించి, సెయింటుగారికి కోపం వస్తుందని గట్టిగానే కొట్టాడు. ఆ వెనక టాక్సీలు, చేపల వ్యాను. ఏడు ట్రాక్టర్లూ ఇంజన్లు రెచ్చగొట్టి ఒకేసారి నడుం ఎత్తు గడ్డిని తొక్కుకుంటూ బీడులో అడ్డంగా సాగాయి. చక్రాల కింద నుంచి మిడతలు వేలకువేలు, వేయించిన పేలాల్లా, పైకి చిట్లాయి.

తీగ మీద, ఇందాకటి దాకా ఏమీ లేని చోట, ఒక పక్షి కూర్చుని ఉంది.

క్రిస్టోఫొరోస్ కదల్లేదు. కదిలితే రొట్టెలు పడతాయి. పక్షి ఒకసారి తల పక్కకు తిప్పి, తీగ వదిలి, రెక్కలు విప్పి ట్రాక్టర్ల మధ్యకు దూకింది. ఆ రెక్కల్లో ఉన్నంత నీలం ఆయన పటాల్లో ఏ సముద్రానికీ వేయలేదు. ఆయన నెత్తి మీదుగా, బైనాక్యులర్ అవసరం లేనంత దగ్గరగా, నోట మిడతతో మళ్ళీ పైకి లేచింది.

"ఆంథూలా!" అని అరిచాడు క్రిస్టోఫొరోస్, హారన్లన్నిటినీ మించి. "నువ్వు చెప్పిందే నిజం! నాదే తప్పు!"

హారన్లు ఆగాయి. ఫాదర్ చేతిలో కొమ్మ నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. తసూలా భోరుమంది. "మాట్లాడాడు! ఆవిడతో మాట్లాడాడు! మొక్కు చెల్లింది!" ఊరంతా శిలువ గుర్తులు వేసుకుని, ఒక్కసారిగా గొంతులు విప్పి అరిచి, ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు.

గోల సద్దుమణిగాక క్రిస్టోఫొరోస్ ఫాదర్‌ను పక్కకు పిలిచాడు. "ఫాదర్, మిమ్మల్ని మోసం చేశాం. అసలు మొక్కేమీ లేదు. పిట్ట కోసం వచ్చాం."

"తెలుసు నాయనా. మొక్కుకొచ్చేవాడు మెడలో బైనాక్యులర్ వేసుకుని రాడు."

"మరి?"

"తొమ్మిదేళ్ళుగా ఈ తలుపు తీద్దామంటే ఊళ్ళో ఒక్కడు కదల్లేదు. ఏదో ఒక వంక కావాలి కదా" అన్నాడు ఫాదర్. "పద, రొట్టె కోయి. నీ పండక్కొచ్చిన జనం ఆకలితో ఉన్నారు."

ఆ పూట క్రిస్టోఫొరోస్ చర్చి తలుపు దగ్గర నిలబడి, పిలవకుండా వచ్చిన అరవై మందికీ తన చేత్తో రొట్టె కోసి పెట్టాడు. అందరి పేర్లూ అడిగాడు. పిల్లలెంతమందని తసూలా అడిగితే, లేరని చెప్పి, ఆంథూలా గురించి గంటసేపు చెప్పాడు. ఎవరో సారా సీసా తీశారు, ఎవరో ఎండబెట్టిన చేపలు కాల్చారు. మెరోపి కూడా పాలపిట్టను చూసింది. పొక్లెయిన్ వాడూ చూశాడు. బస్సులో నిద్రపోతున్న పనాగోస్ అత్తగారు సైతం లేచి చూసింది.

చూడనివాడు లైసాండ్రోస్ ఒక్కడే. ఆయన అప్పుడు తీగకు వీపు పెట్టి పొక్లెయిన్‌ను వెనక్కి రప్పిస్తున్నాడు. మర్నాటి నుంచి నాలుగు రోజులు ఆయన అదే రెల్లు చాటున, తుమ్ము కూడా మింగి, ఒంటరిగా కూర్చున్నాడు. ఐదోరోజు పొద్దున్నే ట్రాక్టర్లవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎవరైనా కాస్త ఆ బీడు తొక్కించి పోతారా అని అడిగాడట.