పదకొండు సెకన్లలో పరిష్కారం

"ఈ రోజు నుంచి మన శాఖలో తప్పు అనేది దాక్కోవడానికి సందు లేకుండా చేస్తున్నాం!" అని నీటి సరఫరా మంత్రిగారు ప్రకటించినప్పుడు చప్పట్లు మూడు నిమిషాలు మోగాయి. నేను గడియారం చూసి మరీ చెబుతున్నాను. అప్పుడు నాకు వేరే పని లేదు. ఆ ఆఫీసులో నేను లిఫ్టు నడుపుతాను. మంత్రిగారు కింద ఉపన్యసిస్తున్నంతసేపూ పైకి పోయే ధైర్యం ఎవరికీ ఉండదు.

తప్పులు పట్టే ఆ ఏర్పాటు పేరు బగ్ ట్రాకర్. శాఖ కంప్యూటర్లో ఎక్కడ తప్పు దొర్లినా, ఎవరైనా సరే ఫోన్లో వెబ్‌సైట్ తెరిచి రాసేయొచ్చు. దానికో నంబరు పడుతుంది. అది ఎవరి దగ్గర ఆగిందో, ఎన్నాళ్లుగా ఆగిందో లోకమంతా చూస్తుంది. ఇంత పారదర్శకతని తట్టుకునే గుండె ఎంతమంది మంత్రులకుంటుంది చెప్పండి!

ఇందులో నా స్వార్థం కూడా కాస్త ఉంది. ఊళ్లో ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలో మా ఆఫీసు కంప్యూటరే చూసుకుంటుంది. ఆ నెల మొదట్లో జాబితా కొత్తగా ఎక్కించినప్పుడు మా వదిన ఉండే వీధి ఎగిరిపోయింది. వదినంటే మా ఆవిడ అక్క. లాండ్రీ నడుపుతుంది. ఆస్పత్రి దుప్పట్లన్నీ ఆవిడే ఉతుకుతుంది. నాలుగు వీధుల అవతల నుంచి బిందెలు మోసుకొచ్చి దుప్పట్లు ఉతకడమంటే మాటలా? "నెలాఖరు దాకా చూస్తాం, ఆ తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తాం" అని ఆస్పత్రి హెడ్ నర్సు తెగేసి చెప్పింది.

అందుకే ట్రాకర్ పెట్టడానికి వచ్చిన ఇంజనీరమ్మకి లిఫ్టులోనే మొర పెట్టుకున్నాను. ఆవిడ మంచిది. వెళ్లీ వెళ్లగానే జాబితా తెరిచి, "ఇదిగో, ఒక్క లైను పోయింది. నిమిషంలో కలిపేస్తాను" అంది.

పక్కనే ఉన్న డైరెక్టరుగారు ఉలిక్కిపడ్డారు. "అలా ఎలా కలిపేస్తారమ్మా? తప్పు ఉందని రికార్డేదీ?"

"కళ్లెదుట కనిపిస్తోంది కదండీ!"

"కనిపిస్తే చాలా? ముందు ట్రాకర్ పెట్టండి. అందులో తప్పు నమోదు కానివ్వండి. అప్పుడు దిద్దుదురుగాని. పద్ధతంటూ ఒకటి ఏడ్చింది కదా!"

చూశారా ఆ నిబద్ధత! తప్పు దిద్దే తొందరలో పద్ధతి తప్పే మనిషి కాదాయన.

మర్నాడు మంత్రిగారు సర్వర్ గది చూడ్డానికి వచ్చారు. "ఈ సర్వర్‌ని నడిపించే లైనక్స్ అన్నది ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వక్కర్లేదండీ. ఉచితంగా దొరుకుతుంది" అంది ఇంజనీరమ్మ.

మంత్రిగారి మొహం మాడిపోయింది. "నా శాఖలో ఉచితంగా ఒకటి ఇస్తూ, దానిమీద నా ఫోటో లేకుండానా!"

వెబ్‌సైట్ మొదటి పేజీ నిండా ఫోటో పెట్టాలని అక్కడికక్కడే ఉత్తర్వు అయింది. ఆ లెక్కన ఫిర్యాదు రాసే గడి కనిపించాలంటే వేలితో నాలుగుసార్లు పైకి తొయ్యాలి. తోసిన ప్రతిసారీ మంత్రిగారే దర్శనమిస్తారు.

ఇక రూట్ పాస్‌వర్డ్ దగ్గర వచ్చింది చిక్కు. "రూట్ అంటే ఏంటమ్మా?" అని అడిగారు పీఏగారు.

"సర్వర్ మీద సర్వాధికారం అండీ."

"సర్వాధికారమా! మంత్రిగారుండగా నీకా?"

ఆ పాస్‌వర్డ్ సీలు వేసిన కవర్లో మంత్రిగారి సొరుగులోకి వెళ్లిపోయింది. ఇంజనీరమ్మ సర్వర్‌కి ఇచ్చే ఒక్కో కమాండ్ కాగితం మీద రాసి, ఫైల్లో పెట్టి, మూడో అంతస్తులో డైరెక్టరుగారి సంతకం, నాలుగో అంతస్తులో మంత్రిగారి సంతకం తెచ్చుకోవాలి. అప్పుడు పీఏగారు దిగొచ్చి, అందరినీ గోడవైపు తిరగమని పాస్‌వర్డ్ కొట్టి వెళతారు. నలభై నిమిషాల పని అంది ఆవిడ మొదట్లో. పాపం, మా శాఖకి కొత్త. ఆ ఫైలు నా లిఫ్టులో ముప్పై ఏడుసార్లు ఎక్కి దిగింది. చివరికి దానికో స్టూలు కూడా వేశాను.

తొమ్మిదో రోజున కంప్యూటరే ఎదురు ప్రశ్న వేసింది. 'కొనసాగించమంటారా? అవునంటే వై, కాదంటే ఎన్ నొక్కండి' అని తెర మీద రాసి కూర్చుంది.

"వై నొక్కండి సార్, అయిపోతుంది" అని బతిమాలింది ఇంజనీరమ్మ.

"వై అంటే రేపు బాధ్యత నామీద పడుతుంది. ఎన్ అంటే ప్రగతికి అడ్డుపడ్డానంటారు" అని డైరెక్టరుగారు ఫైలు మీద 'చర్చించండి' అని రాసి పైకి పంపారు. పైనుంచి 'చర్చించినట్టు భావించి తగు చర్య తీసుకోండి' అని తిరిగొచ్చింది. న్యాయ విభాగంవారు 'ప్రశ్న ఎవరిని ఉద్దేశించి అడిగిందో స్పష్టత లేదు' అన్నారు. అలా పది రోజులు గడిచాక ఐదుగురు సభ్యులతో కమిటీ వేశారు. ఐదుగురూ ఐదు వేళ్లు కలిపి ఒకేసారి వై నొక్కారు. ఫోటో దిగారు.

"మరిదీ, మీ ఆఫీసులో మనిషన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా?" అంది వదిన ఆ సాయంత్రం.

"ఓపిక పట్టు వదినా. సర్వర్ ఎక్కుతోంది."

"అది ఎక్కేలోగా నా నడుం పడిపోయేట్టుంది. పదేళ్లనుంచి ఆ దుప్పట్లే కదయ్యా మాకు కూడు పెడుతున్నాయి!" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేనేం చేస్తాను, నాకు తెలిసినవి లిఫ్టు బటన్లు ఐదే.

నెలాఖరుకి రెండు రోజుల ముందు ప్రారంభోత్సవం జరిగింది. మొదటి ఫిర్యాదు సామాన్య పౌరురాలితో చేయించాలని మంత్రిగారి కోరిక. నేను చటుక్కున వదినని ముందుకు తోశాను. ఆవిడ 'మా వీధికి నెలరోజులుగా నీళ్లు లేవు' అని కొట్టింది. పెద్ద తెర మీద ఒకటో నంబరు పడి, ఎర్రగా వెలిగింది.

"ఎరుపేంటి? శుభమా అని ప్రారంభిస్తుంటే!" అన్నారు మంత్రిగారు.

"ఇంకా దిద్దలేదు కదండీ. లైను కలిపేశాక 'పరిష్కారమైంది' అని నొక్కితే ఆకుపచ్చ అవుతుంది" అంది ఇంజనీరమ్మ.

మంత్రిగారు పనిమంతులు. మాటలో ఆఖరి ముక్క పట్టుకుని ఠక్కున నొక్కేశారు. ఆకుపచ్చ! మొత్తం పదకొండు సెకన్లని పీఏగారు మైకులో ప్రకటించారు. వదిన "అయ్యా, మరి నీళ్లు..." అంటూండగానే బ్యాండు మోగింది.

ఇంజనీరమ్మ పరుగున వెళ్లి జాబితా తెరిచింది. డైరెక్టరుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"పరిష్కారమైనదాన్ని మళ్లీ కెలుకుతావేంటమ్మా? ఉన్నది కాస్తా పాడైతే?"

వదిన మళ్లీ ఫిర్యాదు రాసింది. 'ఒకటో నంబరులో పరిష్కారమైన విషయమే' అని పీఏగారు మూసేశారు. మళ్లీ రాసింది. మళ్లీ మూసేశారు. ఒకటో తారీఖున ఆస్పత్రి బండి దుప్పట్లు తీసుకుని ఇంకో లాండ్రీకి వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత, నా సెలవు రోజున వదినా వాళ్లింట్లో ఉండగా మా శాఖ ఇన్‌స్పెక్టరు తలుపు తట్టాడు. ఎండన పడి వచ్చాడు, చొక్కా తడిసి ముద్దయింది. వదిన బిందెలోంచి ముంచిచ్చిన నీళ్లు రెండు గ్లాసులు గటగటా తాగి, కాగితం తీసి చదివాడు.

"సమస్య పరిష్కారమైన నాటినుంచి ఈ వీధికి నీరు పుష్కలంగా అందుతున్నప్పటికీ, ఏ ఒక్క ఇంటి మీటరూ కదలనందున, ఈ వీధిలో ఎవరూ నివసించడం లేదని శాఖ నిర్ధారించడమైనది."

వదిన నావైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను. సీలు మాత్రం చాలా స్పష్టంగా పడింది.

"ఇంతకీ నన్నేం చెయ్యమంటావు బాబూ?" అంది వదిన.

"ఏం లేదమ్మా. ఇక్కడ ఎవరూ ఉండటం లేదని వీధివాళ్లెవరో ఒకరు సంతకం పెట్టాలి" అని అతను పెన్ను మూత తీసిచ్చాడు. "మీరు ఇంట్లో ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఇంత ఎండలో మళ్లీ రావాల్సొచ్చేది."